మొరం, కింద డిట్టో

తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్లకి కొత్తగా వచ్చినవాళ్లు నేను రిటైరైన జడ్జినని తెలియగానే ఒకే ప్రశ్న అడుగుతారు, ఎంతమందికి ఉరిశిక్ష వేశారు మేడం అని. ఒక్కరికీ వెయ్యలేదంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది. పోనీ పెద్దింటి విడాకులైనా చూసి ఉంటానని ఆశపడతారు. అదీ లేదు. నేను మోరీల జడ్జిని. మోరీలు, కల్వర్టులు, చెరువు కట్టలు, బడి ప్రహరీలు. ప్రభుత్వం ఒకరికి పని అప్పగిస్తుంది, మధ్యలో ఇద్దరికీ చెడుతుంది, ఆ తగాదా నా బల్ల మీదకి వస్తుంది. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఇదే చేశాను, బాగా చేశాను. ఇది చిన్న పని అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న వానకి సెల్లార్లో కారు మునిగిన పెద్దమనిషి మా ఇంటికొచ్చి గంటసేపు వాపోయాడు. ఉరిశిక్షల గురించి ఆ రోజు ఒక్క మాటా అడగలేదు.

కోర్టు వదిలాక ఆర్బిట్రేటర్‌గా పిలవడం మొదలుపెట్టారు. అంటే రెండు పక్షాలూ ఒప్పుకున్న మనిషి కోర్టు బయట కూర్చుని, సాక్ష్యం విని తీర్పు చెప్పడం. నేను కూర్చునేది హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగు పదకొండో అంతస్తులో, గంటల లెక్కన కిరాయికిచ్చే మీటింగ్ గదిలో. మాకంటే ముందు వాడుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు బోర్డు మీద బాణాలు, డబ్బాలు గీసి వదిలేస్తారు. ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే మే నెలలో కూడా శాలువా తీసుకెళ్తాను. కింద గేటు దగ్గర పాలమూరు నుంచి వచ్చిన సెక్యూరిటీ ఆయన రోజూ నన్ను ఆపి, "ఎవర్ని కల్వాలె మేడం?" అని అడుగుతాడు. "నన్నే" అంటాను. పుస్తకంలో అదే రాసుకుని స్టిక్కర్ ఇస్తాడు.

ఆ గదిలోకి వచ్చిన కేసుల్లో ఒక్కదాని గురించే చెప్పాలనుంది.

హఫీజ్‌పేట్‌లో ఒక కాలనీ సందు వెంబడి వాననీటి మోరీ. పొడవు నాలుగు వందల మీటర్లు. పని తీసుకున్నాయన మూసాపేటలో ఉండే చిన్న కాంట్రాక్టరు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, అరచేతులు మాత్రం ఇప్పటికీ రాళ్లు కొట్టేవాడివే. తవ్వుతుంటే కింద పరుపుబండ తగిలిందని, రెండు పక్కలా ఇళ్లున్నాయి కాబట్టి మందు పెట్టి పేల్చే వీలు లేక మెషీన్‌తో కొంచెం కొంచెం పగలగొట్టాల్సి వచ్చిందని, అందుకే ఆలస్యమైందని ఆయన వాదన. అక్కడ బండే లేదు, ఉన్నదంతా మొరం, పారకి లొంగే ఎర్రమట్టి, నువ్వు పని ఎగ్గొట్టావు అని పని ఇచ్చిన ప్రభుత్వ శాఖ వాదన. ఆయన రెండు వందల ఇరవై మీటర్లు తవ్వాక శాఖ కాంట్రాక్టు రద్దు చేసింది. మిగిలిన పని ఇంకొకరితో చేయించి పైన సిమెంటు పలకలు కప్పేసింది. ఇప్పుడు వెళ్లి చూద్దామన్నా కింద ఏముందో కనిపించదు. రద్దు సరైనదే అని నేను అంటే ఆయన పేరు బ్లాక్‌లిస్టులోకి వెళ్తుంది. ఆ ఫైలు తయారుగా పెట్టుకుని, నా తీర్పు కోసమే ఆగారు.

మొదటి రోజే ఆయన లేచి నిలబడ్డాడు. లాయరు కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, పైసలు ఇయ్యాల కాకుంటె రేపొస్తయి. పేరు బ్లాక్‌లిస్టుల ఎక్కితె ఇగ ఏ ఆఫీసుల గూడ నా టెండర్ దీస్కోరు. నాకింకో పని రాదు. మా తాత బండ కొట్టిండు, మా నాయిన బండ కొట్టిండు. నేను బండను జూసి బండ అంటె అబద్ధమంటున్నరు."

"మరి శాఖ పుస్తకంలో మొరం అని ఉన్నది. కింద మీరు సంతకం పెట్టిండ్రు కదా?" అన్నాను.

"సారు పెట్టమన్నడు, పెట్టిన. అండ్ల ఇంగ్లీషుల ఉంటది. పెట్టకుంటె ముంగటి పని నడ్వనియ్యరు."

ప్రభుత్వం తరఫు లాయరు గుంటూరు వైపాయన, మర్యాదస్తుడు, మాట మెత్తన, పట్టు గట్టి. "చదవకుండా సంతకం పెట్టానంటే చెల్లదండి మేడం" అన్నాడు. కాంట్రాక్టరు ఫోన్లో తీసిన బండ ఫోటోలు చూపిస్తే, "ఇవి ఆ సందులోవే అని ఏమీ లేదండి. లొకేషన్ పడలేదు. ఈ ఊళ్లో ఎక్కడ ఫోన్ పెట్టి నొక్కినా బండే పడుతుందండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకంటే నిజమే. కాంట్రాక్టరు ఒక్కడే నవ్వలేదు.

కాబట్టి అంతా ఒక పుస్తకం మీద ఆగింది. దాన్ని మెజర్‌మెంట్ బుక్ అంటారు, వాడుకలో ఎంబీ. ఎంత పొడవు తవ్వారు, ఎంత లోతు, ఏ రకం నేల అన్నది ఇంజనీరు సైటు మీద నిలబడి తన చేత్తో రాయాలి. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు గానీ, ముందు కాగితం మీద రాసిందే తర్వాత ఎక్కేది. అందులో రబ్బరు పెట్టకూడదు. దిద్దాలంటే కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ఎందుకు దిద్దావో పైవాళ్లకి చెప్పాలి. కప్పేసిన పనికి ఆ పుస్తకమే కళ్లు.

ఆ సాయంత్రం ఎంబీని ఇంటికి తెచ్చుకుని బాల్కనీలో కూర్చుని ఆయన తవ్వకం రాసిన పేజీ తీశాను. పది మీటర్లకొక లైను, మొత్తం ఇరవై రెండు లైన్లు. మొదటి లైన్లో మొరం అని ఉంది. దాని కింద ఇరవై ఒక్క డిట్టోలు. ఒక్కటీ పక్కకి జరగలేదు. రూళ్లకర్ర పెట్టి దింపినట్టున్నాయి. పేజీ మీద మట్టి మరక లేదు, చెమట చుక్క లేదు. అక్షరాలు గుండ్రంగా, బుద్ధిగా, ఎక్కడా తొందర లేకుండా ఉన్నాయి.

ఆ రాత నాకు తెలుసు. ఎవరిదో తెలియదు, ఎలాంటి వాళ్లదో తెలుసు. నలభై డిగ్రీల ఎండలో, పక్కన మెషీను మోగుతుంటే, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాసే మగవాడి రాత కాదది. చాప మీద బోర్లా పడుకుని, మంచి పెన్నుతో రాసిన బడిపిల్ల రాత.

నాకెలా తెలుసంటే, ఒకప్పుడు అలాంటి బడిపిల్లని నేనే కాబట్టి.

మా నాన్న మెదక్ వైపు ఒక చిన్న ఊళ్లో ఓవర్సీరు. రాత కోడి కెలికినట్టుండేది. సైటులో పెన్సిల్‌తో చిట్టీల మీద గీకి తెచ్చుకునేవాడు. ఆదివారం పగలు భోజనాలయ్యాక నన్ను పిలిచి, "బిడ్డా, జర పుస్తకం దే" అనేవాడు. ఆయన చదివేవాడు, నేను ఎంబీలో రాసేదాన్ని. ఒక్క మా ఇల్లే కాదు, మా వీధిలో ఇంజనీర్ల ఇళ్లన్నిట్లో ఎవరో ఒకరు రాసేవాళ్లు. రాత బాగున్న పెళ్లామో, కూతురో. ఇది తప్పని ఎవరికీ తోచేది కాదు. పైఆఫీసరు పేజీ చూసి, "రాత ముత్యాల లెక్క ఉన్నదయ్యా" అంటే నాన్న ఇంటికొచ్చి మురుస్తూ చెప్పేవాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట డిట్టో. ఆయన డిట్టో అనగానే నాకు రాసే పని తప్పేది.

మర్నాడు హియరింగ్ మొదలవగానే రెండు పక్షాలకీ చెప్పాను. నా తండ్రి ఇలాంటి శాఖలో ఓవర్సీరు, చిన్నప్పుడు ఆయన పుస్తకాలు నేను రాసేదాన్ని, ఈ పుస్తకం చూస్తే నాకు ఆ ఇల్లే గుర్తొచ్చింది, మీలో ఎవరికి అభ్యంతరం ఉన్నా ఇప్పుడే తప్పుకుంటాను అన్నాను. గుంటూరాయన నవ్వి, "మా శాఖ మనిషి కూతురంటే మాకు ఇంకా ధైర్యమండి" అన్నాడు. కాంట్రాక్టరు వైపు లాయరు కూడా సరేనన్నాడు. ఆ మాటలు రికార్డులో రాయించాను.

చెప్పాల్సిన దాంట్లో సగమే చెప్పాను. మిగతా సగం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

నాకు పదమూడేళ్లప్పుడు ఒక ఆదివారం నాన్న చిట్టీ చదువుతూ చదువుతూ కునుకు తీశాడు. పేజీ సగంలో ఉంది. అప్పటిదాకా మొరం, డిట్టో, డిట్టో. బయట పిల్లలు ఆడుకుంటున్నారు. ఆయన్ని లేపలేదు. చిట్టీల్లో పొడవు, లోతు అంకెలు చూసి దించాను గానీ, నేల రకం దగ్గర మాత్రం చివరిదాకా డిట్టోలు పెట్టి పుస్తకం మూసి వెళ్లిపోయాను. నాన్న లేచి సంతకం పెట్టాడు. నెల తర్వాత ఆ కాలువ తవ్విన మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. గడప బయటే కూర్చుని, "అయ్యా, ఆఖరి నాలుగు గుంతలు బండ గదా. బండ రాయలేదట, మొరం కూలే ఇచ్చిండ్రు" అన్నాడు. నాన్న లోపలికొచ్చి పుస్తకం తెరిచాడు. ఆ డిట్టోలు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అప్పటికే పైఆఫీసరు సంతకం కూడా పడిపోయింది. బయటికెళ్లి మేస్త్రీతో, "రాసింది రాసిందే" అన్నాడు. మేస్త్రీ ఇంకాసేపు కూర్చుని, మంచినీళ్లడిగి తాగి వెళ్లాడు. ఆ నీళ్లు ఇచ్చింది నేనే. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ ఎప్పుడూ పుస్తకం తెమ్మనలేదు.

ఆ మేస్త్రీ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. జడ్జినయ్యాక మోరీల కేసులంటే మిగతావాళ్లు తప్పించుకు తిరుగుతుంటే నేను అడిగి మరీ తీసుకునేదాన్ని. ఎందుకని అడిగినవాళ్లకి రకరకాల జవాబులు చెప్పాను. అసలు జవాబు ఆయనే.

ఎంబీ మీద సంతకం చేసిన ఇంజనీరు సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. చేతిలో పాత రెక్సిన్ బ్యాగు. గుంటూరాయన అడిగినవాటికి గడగడా జవాబులు చెప్పాడు. రాత నాదే, సైటు మీదే రాశాను, అంతా మొరమే. కాంట్రాక్టరు లాయరు గంటసేపు తిప్పి తిప్పి అడిగినా ఆ మూడు ముక్కలే. ఆయన కూర్చున్నాక నేను అడిగాను.

"మీ పెన్సిల్ చిట్టీలు ఏవి?"

ఆయన చెయ్యి రెక్సిన్ బ్యాగు మీదకి వెళ్లింది. లాయర్లిద్దరూ నా వైపు చూశారు, వాళ్లకి అర్థం కాలేదు.

"ఏ చిట్టీలు మేడం?"

"సైటుల రాసుకునేవి. ఫైనల్ బిల్లు అయ్యేదాక ఎవ్వరూ పారెయ్యరు. మా ఇంట్లయితే లెవెల్ బుక్ అట్టలోపల దాచేది. మీరెక్కడ దాస్తరు?"

ఒక తెల్లకాగితం, పెన్ను ఆయన ముందుకి జరిపి, ఆ పేజీలో మొదటి మూడు లైన్లు ఇక్కడ రాయమన్నాను. కోపంగా అనలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని లాయర్లందరికీ తెలుసు, కానీ ఆ రోజు రాలేదు. ఆయన పెన్ను ముట్టుకోలేదు.

"మా బిడ్డ రాసింది మేడం" అన్నాడు. "తొమ్మిదో తరగతి. దాని రాత మంచిగుంటది. నేను జెప్తుంటె అది రాసింది. మొదటి చిట్టీల నాలుగు లైన్లు మొరం. రెండో చిట్టీ తీసేలోపల ఫోనొచ్చింది, బయటికి వోయిన. తిరిగొచ్చేటాలకు కొలతలన్నీ దించి, కిందిదాక డిట్టో పెట్టింది. నేను జూడకుండ సంతకం పెట్టిన."

"ఎప్పుడు చూసుకున్నరు?"

"నెల రోజులకు. అప్పటికే మా పైసారు సంతకం అయిపోయింది. కొట్టేసి మల్ల రాయాలంటె ఎందుకో జెప్పాలె. ఏమని జెప్పాలె మేడం? నా బిడ్డతోని రాయించిన అని జెప్పాల్నా?"

కాంట్రాక్టరు రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని ఆయన్నే చూస్తున్నాడు. ఇంజనీరు రెక్సిన్ బ్యాగు తెరిచి, నేల ఎత్తుపల్లాలు రాసుకునే లెవెల్ బుక్ తీశాడు. అట్ట లోపల నుంచి రెండు చిట్టీలు బయటికొచ్చాయి. మడతల దగ్గర నల్లబడ్డాయి, విప్పుతుంటే రాతిపొడి రాలింది. మొదటి దానిలో నాలుగు లైన్లు మొరం. రెండో దానిలో పద్దెనిమిది లైన్లు, పద్దెనిమిదీ బండ.

గుంటూరాయన ఊరుకునే రకం కాదు, ఊరుకోకూడదు కూడా. "ఈ చిట్టీలు నిన్న కూర్చుని రాసుకోలేదని నమ్మకం ఏంటండీ? సాక్షి మాట మార్చాడు. ఈయనా కాంట్రాక్టరూ కలిసిపోయారేమో" అన్నాడు. దానికి కాంట్రాక్టరు లాయరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అయితే ఆ అమ్మాయినే పిలిపిద్దాం మేడం. ఏ చిట్టీలు చూసి రాసిందో ఇక్కడ కూర్చుని చెబుతుంది. అయిపోతుంది" అన్నాడు.

నా పెన్ను ఆగిపోయింది. న్యాయంగా చూస్తే ఆ కోరిక సబబే. ఇంకే కేసులోనైనా అర నిమిషంలో సరే అనేదాన్ని. పదకొండో అంతస్తులో, ఈ చల్లటి గదిలో, ఐదుగురు పెద్దవాళ్ల మధ్య బడి యూనిఫాంలో ఒక పిల్ల కూర్చుని, నువ్వు రాసిందాని వల్ల ఒకాయన పేరు పోబోతోందని వింటుంది. కాదనడానికి నా దగ్గర చట్టంలో గట్టి కారణం లేదు. వేరే కారణం ఉంది గానీ అది చెప్పేది కాదు.

అప్పుడు కాంట్రాక్టరు లేచాడు.

"వద్దు మేడం. పోరిని పిలువొద్దు."

లాయరు ఆయన చొక్కా పట్టుకుని లాగాడు. ఆ అమ్మాయి చెప్తేనే మన కేసు నిలబడుతుంది, లేకపోతే ఈ చిట్టీలు నమ్మకపోవచ్చు, బ్లాక్‌లిస్టు తప్పదు అని గొంతు తగ్గించి చెప్పాడు. చిన్న గది, అందరికీ వినబడింది.

"పోతె పోనియ్యి సార్" అన్నాడు ఆయన. "తండ్రి కూసోబెడితె రాసింది. చిన్న పోరి, దానికేం ఎరుక? దాని తప్పేమున్నది?"

ఇంజనీరు తల బల్లకి ఆనించి ఏడ్చాడు. నేను పది నిమిషాలు విరామం అని చెప్పి లేచాను. నడక తొందరపడకుండా చూసుకున్నాను. కారిడార్ చివర బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. దాని తప్పేమున్నది అన్న ఆ ఒక్క మాట మా గడప బయట కూర్చున్న మేస్త్రీ నోట వినాలని యాభై ఏళ్లుగా నాకుందని నాకే తెలియదు. ముఖం కడుక్కుని, శాలువా సర్దుకుని వచ్చి కూర్చున్నాను. ఆ అమ్మాయిని పిలవనక్కర్లేదని రాయించాను.

తర్వాత చేసింది మామూలు పనే, నాకు బాగా వచ్చిన పని. చిట్టీల మీది తేదీలు, సైటు ఆర్డర్ బుక్కులో అదే ఇంజనీరు రోజూ రాసిన తేదీలతో ఒక్కొక్కటే సరిచూశాను. కలిశాయి. మిగతా పని పూర్తి చేసిన రెండో కాంట్రాక్టరు తాలూకు ఎంబీ తెప్పించాను. మొదటాయన ఆపిన చోటు నుంచి మొదటి లైన్లోనే బండ అని ఉంది. అప్పటిదాకా ఉన్న మొరం అంగుళం తేడా లేకుండా ఆ గీత దగ్గరే బండ అయిందంటే నమ్మే వెర్రిదాన్ని కాను. పైగా ఉద్యోగానికి ముప్పు తెచ్చుకుని మరీ ఎవరూ అలాంటి అబద్ధం చెప్పరు. కాంట్రాక్టు రద్దు చెల్లదన్నాను. దాని ఆధారంగా ఆయన పేరు ఏ జాబితాలోనూ ఎక్కించకూడదన్నాను. పేజీ గురించి, ఇంజనీరు స్వయంగా రాసింది కాదు అని మాత్రమే రాశాను. ఎవరు రాశారో తీర్పులో లేదు.

నేను తప్పుకుని ఉండాల్సిందా? ఆ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. తప్పుకోవాల్సిందని అనుకోను. ఆ చిట్టీల గురించి ఇంకెవరు అడుగుతారు?

తీర్పు టైపు చేసేటప్పుడు పట్టిక ఒకటి వెయ్యాల్సి వచ్చింది. ఏ లైన్లో ఏ నేల అన్నది. మా స్టెనో చురుకైన పిల్ల, హఫీజ్‌పేట్ నుంచే వస్తుంది. మొరం నాలుగు లైన్లు అయ్యాక ఐదో లైన్లో బండ అని కొట్టి ఆగింది.

"మేడం, ఇగ కింద డిట్టో పెట్టనా?"

"వద్దమ్మా. ప్రతి లైన్లో కొట్టు."

"అన్నీ ఒకటే కదా మేడం."

"ఒకటే. అయినా కొట్టు."

నా వైపు ఒకసారి చూసి కొట్టింది. ప్రింటు తీశాక లైను లైనుకీ వేలు పెట్టి పైకే చదివాను. బండ, బండ, బండ. పద్దెనిమిదీ అయ్యాయి. సంతకం పెట్టే ముందు ఆగి, నాన్న కాలువలో ఆఖరి నాలుగు గుంతలకి, మనసులోనే, ఇంకో నాలుగుసార్లు బండ అనుకున్నాను. ఆ నాలుగూ ఏ తీర్పులోనూ లేవు.